ఏడో స్లైడు

పొద్దున తొమ్మిదింపావుకు
గ్రీమ్స్‌పేట మలుపులో షేరాటో దిగి
నీవా వంతెన మీదుగా నడుస్తాను.
ఏట్లో నీళ్ళుండవు. నేను చూడను కూడా.
ఆఫీసులో నాకోసం నీళ్ళ లెక్క కాచుకోనుంటుంది,
ఇరవై రెండు స్లైడుల్లో.

భూగర్భజల శాఖలో అవుట్‌సోర్సింగు ఆపరేటర్ని.
మూడో నంబరు కంప్యూటరుకు నా పేరు తెలీదు.
నేనేం దిద్దినా
'యూజర్' దిద్దినట్టు రాసుకుంటుంది.

సోమవారం కలెక్టరు గారి మీటింగు.
శుక్రవారం నేను పంపిన ఫైలు
శనివారం సాయంత్రానికి తిరిగొచ్చింది,
పేరు చివర 'ఫైనల్', దాని చివర 'కొత్తది' తగిలించుకుని.
అదే నీలం అంచు. మూలన అదే ముద్ర.
"ఏం మారింది సార్?"
"ఏం లేదమ్మా, అక్కడక్కడా" అన్నారు వజ్రవేలు సారు
వక్కపొడి నోట్లో వేసుకుంటూ.

ఈ సాఫ్ట్‌వేరు తనంతట తాను చాడీలు చెప్పదు.
వర్డ్ ఫైలైతే కొట్టేసిన మాట
ఎర్రగీత కింద నుంచి చూస్తూనే ఉంటుంది.
స్లైడు అట్ట కాదు, చెరిపితే చెరిపినట్టే.
పాతదాన్నీ కొత్తదాన్నీ ఎదురెదురు కూర్చోబెట్టి
గట్టిగా అడిగితేనే
కుడిపక్క సన్న పట్టీలో
ఒక్కొక్కటిగా ఒప్పుకుంటుంది.

రెండో స్లైడులో అక్షరాలు లావయ్యాయి.
నాలుగులో 'కరువు' పోయి 'వర్షాభావ పరిస్థితులు' వచ్చాయి.
ఐదులో ఒక కామా,
పెట్టినాయనకూ తీసినాయనకూ పడదు.
ఏడులో
'ఎండిపోయిన బోర్లు 212' కాస్తా
'పునరుద్ధరణకు వీలున్న బోర్లు 212'.
అంకె కదల్లేదు.
పక్కన ఎవర్ని తెచ్చి కూర్చోబెట్టినా
పాపం, అది ఏమీ అనదు.
దాని కింద ఒక ఫొటో మాయం:
ఐరాల పక్క చేనులో
కేసింగు పైపు మీద బండరాయి.

ప్రతి మార్పు ముందరా ఒక చిన్న గడి.
టిక్కు పెడితే మార్పు నిలబడుతుంది,
తీస్తే పాతమాట తిరిగొస్తుంది.
పదమూడువేల జీతానికి ఇంత అధికారం ఎవరిచ్చారో!

టీ గ్లాసు పెట్టబోయి ఆగాడు చెంగల్రాయుడు.
"అమ్మణ్ణీ, ఆ రాయి మాది గదా.
నాలుగో బోరు. తొమ్మిదినూర్ల ఎనభై అడుగులు.
పొగ మాదిరి దుమ్మొచ్చింది గానీ తడి రాలా.
మేకపిల్ల పడినాక రాయి పెట్టినాం."
అంతే.
గ్లాసు కింది తడి వలయాన్ని
భుజమ్మీది గుడ్డతో తుడిచి వెళ్ళిపోయాడు.

అటెండరు మాటకు పట్టీలో చోటుండదు.
సెట్టింగుల్లోకి వెళ్ళాను.
'యూజర్' చెరిపాను. నా పేరు కొట్టొచ్చు,
'చెంగల్రాయుడు' అని కొట్టాను.
ఏడో స్లైడు మీద కామెంటు తెరిచి
అతని మాటలే పెట్టాను,
అడుగులతో సహా, మేకపిల్లతో సహా.
ఫొటో ముందర టిక్కు తీసేశాను.
'పునరుద్ధరణ' దగ్గర చాలాసేపు కూర్చున్నాను.
ఫ్యాను తిరుగుతోంది. ఒకటో తారీకు ఇంటద్దె.
టిక్కు పెట్టేశాను.

సోమవారం ఫైలు తెరిస్తే
ఫొటో ఉంది, తపాలాబిళ్ళంతై, మూలకు ఒదిగి.
కామెంటు బూడిదరంగుకు తిరిగి
పక్కనే ఒక మాట: 'పరిష్కరించబడింది'.
చేసినవారు జ్ఞానప్రసూన మేడం,
రాత్రి పదకొండూ నలభై.

"ఏమన్నారు అమ్మణ్ణీ?"
"మూసేశారు."
"రాయి పెట్టినారా?"
నవ్వాడో, దగ్గాడో.
"పెట్టుకోనీలే. బొక్క యాడికి పోతాది!"

బూడిదరంగు మీద ఒకసారి నొక్కి చూశాను.
తెరుచుకుంది.
తొమ్మిదినూర్ల ఎనభై అడుగులు.

పదిన్నరైంది.
ప్రొజెక్టరు మోసుకుని అతను ముందర,
వైరు కాళ్ళకు అడ్డం పడకుండా
చుట్టి పట్టుకుని నేను వెనక.